మబ్బు చాటున నవ్వే సూర్యుడి బొమ్మకు

మహారాజశ్రీ సూర్యుడి బొమ్మ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అంటే, ముక్కు మీద చర్మం ఉల్లిపొరలా ఊడుతోంది, కుడిచేతి రెండు వేళ్ళకు ఇంకా తిమ్మిరి వదల్లేదు, తమ్ముడు నాతో మాట్లాడటం మానేశాడు. మిగతాదంతా క్షేమమే. తమరు నా ఫోన్లో, వాతావరణం చెప్పే యాప్‌లో, ఆ దూదిపింజ మబ్బు చాటున, ఎప్పట్లాగే నవ్వుతూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీ మీద నాకంత గురి ఎందుకో ముందు మనవి చేసుకోవాలి. మాది బెజవాడ. మే నెలలో మీరు ఎండ అన్నారంటే ఎండే. ఒక్కరోజు కూడా మీ మాట పొల్లుపోలేదు. బెజవాడలో మే నెలలో ఎండ కాస్తుందని మా గోడ మీది క్యాలెండరు కూడా చెప్పగలదన్న సంగతి అప్పట్లో నాకు తట్టలేదు.

అందుకే ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ కొండ ఎక్కేముందు మిమ్మల్నే అడిగాను. డెహ్రాడూన్‌లో బండెక్కుతూ చూస్తే 'సాంక్రీ, గురువారం, 7 డిగ్రీలు, పాక్షికంగా మేఘావృతం' అన్నారు. పక్కనే మీ నవ్వు. పురోలా, మోరీ మీదుగా, నడక మొదలయ్యే ఊరు సాంక్రీకి దాదాపు 200 కిలోమీటర్లు. ఆ మలుపుల్లో కడుపులో ఉన్నదంతా బయటికొచ్చింది. అది మీ ఖాతాలో వేయను.

రెయిన్‌కోటు మాత్రం మీ ఖాతాలోదే.

కంచరగాడిద మీద వేసే సంచీ 9 కిలోలు దాటకూడదన్నారు. నాది తొమ్మిదిన్నర తూగింది. ఏదో ఒకటి తీసేయాలి. ఒక చేతిలో గోంగూర పచ్చడి సీసా, ఇంకో చేతిలో రెయిన్‌కోటు. పచ్చడి వదిలేద్దాం అక్కా అన్నాడు తమ్ముడు. నేను మిమ్మల్ని చూశాను. మీరు నవ్వారు. రెయిన్‌కోటు సాంక్రీ గదిలో కొక్కేనికి వేలాడుతూ ఉండిపోయింది. (పచ్చడి బాగుంది. అది వేరే సంగతి.)

శిఖరం ఎక్కేముందు రోజు సాయంత్రం మా గైడు టెంటు బయట నిలబడి, దూరాన ఉన్న మరో కొండ స్వర్గారోహిణి వైపే చూస్తున్నాడు. కొండ కొస మీద మబ్బు టోపీలా కూర్చుని ఉంది. "టోపీ పెట్టుకుంది, రేపు బాగుండదు" అన్నాడు హిందీలో. నేను ఫోను తీసి మిమ్మల్ని చూపించాను. పక్కింటి పిల్లాడు గీసిన బొమ్మ చూపిస్తే మనం ఎలా చూస్తామో అలా చూసి, "అచ్ఛా హై" అని వెళ్ళి బూట్లకి తగిలించుకునే స్పైకులు లెక్కపెట్టుకున్నాడు.

రాత్రి మూడింటికి బయల్దేరదీశారు. మామూలు రోజుల్లో కూడా అంతేనట. పొద్దెక్కి ఎండ తగిలేకొద్దీ లోయలోని గాలి వేడెక్కి వాలు వెంబడి పైకి పాకుతుంది, పైన చల్లబడి మధ్యాహ్నానికి మబ్బు కడుతుంది. అది కమ్మేలోపు ఎక్కి దిగిపోవాలి. ఆ రోజు మబ్బు మధ్యాహ్నం దాకా ఆగలేదు. పడమటి నుంచి ఒక్కో చుక్కా ఆరిపోతూ వచ్చింది. తెల్లారేసరికి గాలి, దాని వెనకే తెల్లగా, గుండ్రంగా, అచ్చం సగ్గుబియ్యంలా రాలడం మొదలైంది. బుగ్గకి తగిలితే చురుక్కుమనేది. జాకెట్ మీద పడ్డది కరిగి లోపలికి ఇంకింది. బీసెంట్ రోడ్డులో బేరమాడి కొన్న ఉన్ని గ్లవుసులు ముందు తడిసి, తర్వాత గడ్డకట్టి అప్పడాల్లా అయ్యాయి. రెయిన్‌కోటు గుర్తొచ్చింది. ప్రతి పది అడుగులకీ గుర్తొచ్చింది.

వెస్టర్న్ డిస్టర్బెన్స్ అట, వానా మంచూ మోసుకొచ్చే పడమటి మబ్బుల దండు. మధ్యధరా సముద్రం వైపు నుంచి బయల్దేరి, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ దాటుకుని మన హిమాలయాలకి వస్తుందట. అంత దూరం నుంచి వచ్చే చుట్టం చెప్పాపెట్టకుండా దిగదు కదండీ. ఊరందరికీ కబురు అందింది. మీకే అందలేదా?

శిఖరం ఇంకో అరగంట ఉందనగా గైడు చెయ్యి అడ్డం పెట్టాడు. "బస్. వాపస్." ముందు నడిచే మనిషి బ్యాగు తప్ప ఏమీ కనపడటం లేదు. నేనేం చేశానో తెలుసా? మిమ్మల్ని చూద్దామని ఫోను తీశాను. వేలిముద్ర పడలేదు. గ్లవుసు పళ్ళతో లాగి, మొద్దుబారిన వేలితో అంకెలు నొక్కితే, నాలుగోసారికి తెరుచుకుంది. ఆ తెల్లటి హోరులో, పచ్చగా, గుండ్రంగా, నవ్వుతూ మీరు. కింద చీమతలంత అక్షరాల్లో: 'మూడు రోజుల క్రితం అప్‌డేట్ అయింది'.

మూడు రోజులు! సిగ్నల్ లేదని ఒక్క ముక్క చెప్పి నవ్వు ఆపి ఉండొచ్చు కదా? తెలియదంటే పోయేదేముంది నీకు? అడవిలో నీకే దిక్కులేక, నాకు దిక్కు చూపిస్తావా? ఇలా తిడుతుండగానే, 41 శాతం ఉన్న బ్యాటరీ చలికి చచ్చి నీ మొహం నల్లబడింది.

సాంక్రీ 6,400 అడుగులు, కేదార్‌కంఠ 12,500. కిలోమీటరు పైకి పోతే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని బళ్ళో చదువుకున్నదే. నీ 7 డిగ్రీలు కొండ మీద మైనస్ 5, గాలి లెక్క అదనం. సరే, అది నేను వేసుకోవాల్సిన లెక్క, ఒప్పుకుంటున్నాను. కానీ మీ కంప్యూటర్లు భూమ్మీద పది పన్నెండు కిలోమీటర్ల గళ్ళు గీసి, గడిలో ఉన్న లోయనీ అడవినీ శిఖరాన్నీ కలిపి ఇడ్లీపిండిలా రుబ్బి ఒకే ఎత్తు కట్టేస్తాయట కదా! అలా రుబ్బిన కొండని నేనెక్కడ ఎక్కాను? నేనెక్కింది రుబ్బనిది.

ఆ పైనుంచి స్వర్గారోహిణి దగ్గరగా కనిపిస్తుందనే ఇంత తంటా. ధర్మరాజు వెంట కుక్క వెళ్ళింది. మా వెంటా సాంక్రీ నుంచి ఒకటొచ్చింది. సగ్గుబియ్యం మొదలవగానే అది చక్కగా వెనక్కి తిరిగి టెంటు దగ్గరికి పోయింది. దాని దగ్గర ఫోను లేదు.

మర్నాడు సాంక్రీ చేరాం. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. శిఖరం ఎండలో మెరుస్తోంది. కొక్కేనికి నా రెయిన్‌కోటు పొడిగా ఊగుతోంది. సిగ్నల్ వచ్చింది, నువ్వు అప్‌డేట్ అయ్యావు: మంచు కురియును, 80 శాతం.

ఇవాళ మిద్దె మీద వడియాలు పెట్టాలి. సగ్గుబియ్యంవే. గోడవార చీమలు గుడ్లు మోసుకుపోతున్నాయి, వద్దే అంటోంది అమ్మ. నువ్వేమో నవ్వుతున్నావు. పాత చీర పరిచి పెట్టేశాను. ఇది రాస్తున్నది వాటి పక్కన కూర్చునే.

ఇట్లు,
మండే బెజవాడ ఎండలో రెయిన్‌కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న
తమ విధేయురాలు