తుపాకీకి లైసెన్సు, బాణానికి కేసు

ఆఫ్రికా జింక జాతుల్లోకెల్లా పెద్దది ఈలండ్. బాగా ఎదిగిన మగది మన మనుబోతుకు రెండు మూడింతలు తూగుతుంది. బోట్స్వానాలో డబ్బు కట్టి వచ్చిన విదేశీయుడు దాన్ని కాలిస్తే సఫారీ. తాతల నాటి నుంచి కలహారి ఎడారిలోనే బతుకుతున్న బసార్వా మనిషి (సాన్ తెగలను అక్కడ అలా పిలుస్తారు) అదే జంతువును వేటాడితే దొంగవేట. దీనికి జంతు ప్రేమ అని పేరు పెడితే నాకు మింగుడుపడటం లేదు.

2014 జనవరిలో అక్కడ వేట నిషేధం, 2019 మేలో దాని ఎత్తివేత, చుట్టూ ఏనుగులను వేటాడనివ్వాలా వద్దా అన్న గొడవ అందరికీ గుర్తే. నిషేధం ఉన్న రోజుల్లో కూడా ప్రైవేటు గేమ్ రాంచులకు (వేట జంతువులను పెంచే సొంత భూములకు) మినహాయింపు ఉందన్న సంగతే ఎవరికీ పట్టలేదు.

సాన్ల బాణం ఎంతో చిన్నది. ఈలండ్‌ను పడగొట్టేది బాణానికి పూసిన పురుగు లార్వా విషం. అది ఎక్కడానికి గంటలు, ఒక్కోసారి రోజు దాటుతుంది. అంతసేపూ అడుగుజాడ పట్టుకుని నడవాల్సిందే. చివరికి దొరికిన మాంసం అందరికీ పంపకం. దక్షిణాఫ్రికాలోని డ్రాకెన్స్‌బర్గ్ రాతిగోడల మీద సాన్ల పూర్వీకులు ఈలండ్‌ను గీసినంతగా మరే జంతువునూ గీయలేదు. అంత భక్తి ఉన్న జనం నుంచి అడవిని కాపాడాలట!

ఇప్పుడు గుర్రాలు, కుక్కలు, తుపాకులు వచ్చాయి, పాత వేట పేరుతో అడవి ఖాళీ అవుతుందనేది అవతలి వాదన. ఆ భయం నిజమే. కానీ విదేశీయుడికి కోటా లెక్కగట్టగలిగిన వన్యప్రాణి శాఖ ఊరివాడికి కట్టలేదా? పైగా కలహారి జంతువులను దెబ్బకొట్టింది కంచెలు. యూరప్‌కు గొడ్డు మాంసం అమ్ముకోవాలి కాబట్టి పశువులకు జబ్బులు సోకకుండా వేసిన కంచెలవి. నీళ్ల దారి మూసుకుపోయి 1980లలో వైల్డ్‌బీస్ట్‌లు (మందలుగా తిరిగే ఒక జింక జాతి) వేలకు వేలు చచ్చాయి. ఒక్కదానికీ బాణం తగల్లేదు.

2006 డిసెంబరు 13న బోట్స్వానా హైకోర్టు సెంట్రల్ కలహారి అభయారణ్యంలోని బసార్వాలకు వేట లైసెన్సులు నిరాకరించడం చట్టవిరుద్ధమని తేల్చింది. అయినా లైసెన్సులు చేతికి రాలేదని వాళ్ల మొర. వేటను నిషేధించిన 2014లోనే అదే అభయారణ్యంలో ఘాఘూ వజ్రాల గని తెరుచుకుంది. బాణం వల్ల చెదిరిపోయే అడవి గని తవ్వకాన్ని మాత్రం తట్టుకుంటుందా?

ఇదంతా చూస్తుంటే నల్లమల గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? ఆ తీర్పు వచ్చిన రెండు రోజులకే మన లోక్‌సభ అటవీ హక్కుల బిల్లును ఆమోదించింది. అందులో వేటను హక్కుల జాబితా నుంచి తీసేశారు. చెంచు కుందేలును కొట్టినా తప్పే. 2019లో మాత్రం అదే నల్లమలలోని అమ్రాబాద్ పులుల అడవిలో యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరే అంది. జనం రోడ్డెక్కారు. సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది. బసార్వాల కోసం ఘాఘూ గనిని వద్దన్న చట్టసభ ఒక్కటీ లేదు.