స్టాఫ్‌రూమ్‌కు పెద్దదిక్కు

ఉన్నత పాఠశాలను తనిఖీ చేయడానికి వచ్చే అధికారులు హాజరు పట్టీ అడుగుతారు, మధ్యాహ్న భోజనం లెక్కలు అడుగుతారు, పదో తరగతి ఫలితాలు అడుగుతారు. సర్దుబాటు పీరియడ్ల రిజిస్టరు అడిగేవారు అరుదు. ఒక ఉపాధ్యాయిని సెలవు పెట్టినా, మరొకరు శిక్షణకు వెళ్లినా ఆ తరగతులకు ఆ రోజు ఎవరు వెళ్లాలో రాసే మామూలు నోటు పుస్తకం అది. ప్రార్థన ముగిసి పిల్లలు తరగతుల్లోకి వెళ్లేసరికి అటెండరు దాన్ని స్టాఫ్‌రూమ్‌కు తెస్తారు. లీజర్ పీరియడ్, అంటే తరగతి లేని పీరియడ్, పోయిందెవరికో వారి పేరు, ఎదురుగా ఒక పొట్టి సంతకం. నెల రోజుల పేజీలు వరసగా తిరగేస్తే ఆ బడి సంగతి సగం తెలిసిపోతుంది. కొత్తగా డీఎస్సీలో (ఉపాధ్యాయ నియామక పరీక్షలో) ఎంపికై వచ్చినవారివి, ఎదురు చెప్పలేనివారివి, ఉపాధ్యాయ సంఘంలో పలుకుబడి లేనివారివి అవే రెండు మూడు పేర్లు మళ్లీమళ్లీ కనిపిస్తే అక్కడ ఉన్నది ఒక కప్పు కింద కూర్చున్న పదిమందే తప్ప బృందం కాదు. పేర్లు వంతులవారీగా తిరుగుతూ, మధ్యలో అక్కడక్కడా హెచ్‌ఎం (ప్రధానోపాధ్యాయుని) సంతకం కూడా కనిపించే రిజిస్టరు ఉన్న బడికి పెద్దదిక్కు ఉన్నట్టు లెక్క.

ఉపాధ్యాయుల మానసిక ఆరోగ్యం గురించి ఇటీవల మాటలకు కొదవ లేదు. యోగా తరగతులు, వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలు, ఏటా సెప్టెంబరు 5న శాలువాలు ఉండనే ఉన్నాయి. వీటికి మేము వ్యతిరేకం కాము. అయితే అయ్యవార్ల మనసు కుదుటగా ఉండాలా, ఉదయం బడి గేటు చూడగానే గుండె బరువెక్కాలా అన్నది తేలేది ఉపన్యాసాల్లో కాదు. టైమ్‌టేబుల్ ఎవరు ఎలా వేశారు, సెలవు అడిగితే ఏ ముఖంతో ఇచ్చారు, తప్పు జరిగితే ఎక్కడ నిలబెట్టి మాట్లాడారు అన్న చిన్న విషయాల్లో అది తేలుతుంది. ఇవన్నీ ప్రధానోపాధ్యాయుని చేతిలో ఉండవలసిన పనులు. వాటిని చక్కగా చేయడానికి ఆయనకు గానీ ఆమెకు గానీ తీరిక, అధికారం, శిక్షణ లేకుండా చేసినది మాత్రం ప్రభుత్వాలే.

లీజర్ పీరియడ్ అన్న పేరులోనే ఒక అపచారం ఉంది. పాఠం సిద్ధం చేసుకోవడానికి, నోటు పుస్తకాలు దిద్దడానికి, వెనకబడిన పిల్లవాణ్ని పిలిచి రెండు లెక్కలు చేయించడానికి ఉద్దేశించిన సమయాన్ని మనం తీరిక అంటున్నాం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం షెడ్యూలు ఉపాధ్యాయులకు వారానికి కనీసం 45 పనిగంటలు నిర్దేశిస్తూ, పాఠం సిద్ధం చేసుకునే సమయాన్ని కూడా అందులోనే కలిపింది. అంటే ఆ పీరియడ్ దయతో ఇచ్చినది కాదు, చట్టం గుర్తించిన పనివేళ. దాన్ని కాపాడటం హెచ్‌ఎం మొదటి బాధ్యత అనుకుంటే మిగతావి చాలావరకు దారిలో పడతాయి.

కాపాడవలసింది ఎవరి నుంచి అన్న ప్రశ్నకు మొదటి జవాబు పైఅధికారుల నుంచే. అదే చట్టం 27వ సెక్షన్ పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప మరే బోధనేతర పనికీ ఉపాధ్యాయులను వాడరాదంటుంది. ఆచరణ అందరికీ తెలిసిందే. ఆంధ్రప్రదేశ్‌లో మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించే పని కొన్నేళ్లపాటు అయ్యవార్ల మెడకు చుట్టుకుని, 2024లో గానీ తొలగలేదు. తెలంగాణలో 2024 నవంబరులో మొదలైన ఇంటింటి సర్వేకు 36,559 మంది ఎస్‌జీటీలను (ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులను), 3,414 మంది ప్రాథమిక పాఠశాలల ప్రధానోపాధ్యాయులను వినియోగించి, ఆ రోజుల్లో ప్రాథమిక బడులను ఒంటిపూట నడిపారు. సర్వే అవసరం లేదని అనడం లేదు. ఒకటో తరగతి పిల్లవాడి మధ్యాహ్నాలతో దాని ఖర్చు చెల్లించామన్నది మరవకూడదు. 2022 ఆగస్టులో ఆంధ్రలో, 2025 ఆగస్టులో తెలంగాణలో వచ్చిన ముఖ గుర్తింపు హాజరు విషయంలోనూ అసలు పేచీ హాజరు వేయడం గురించి కాదు. తరగతిలో ఉండవలసిన మనిషి సిగ్నల్ కోసం ఆవరణలో ఫోను పైకెత్తి తిరగవలసి రావడం గురించి. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 2018లో పలు దేశాల్లో జరిపిన సర్వేలోనూ ఉపాధ్యాయులు తమ ఒత్తిడికి ముందువరసలో చెప్పిన కారణం పిల్లల అల్లరి కాదు, కార్యాలయపు పని. భారతదేశం ఆ సర్వేలో లేదు గానీ, మన స్టాఫ్‌రూముల్లో అడిగినా వేరే జవాబు వస్తుందని మేము అనుకోవడం లేదు.

ఈ ఒత్తిడి స్టాఫ్‌రూమ్‌ను చేరే దారి ఇప్పుడు వాట్సాప్. రాత్రి తొమ్మిదిన్నరకు జిల్లా కార్యాలయం నుంచి ఒక పట్టిక వస్తుంది, రేపు పదకొండింటిలోగా నింపి పంపాలని. పది నిమిషాల్లో అది మండలం గ్రూపుకు, అక్కణ్నుంచి బడి గ్రూపుకు చేరుతుంది. ఒక హెచ్‌ఎం దానికి పైన ‘అర్జెంట్’ అని తగిలించి, కింద అందరి పేర్లూ పెట్టి, తన బాధ్యత తీరిందనుకుని నిద్రపోతారు. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న టీచరుకు ఇక ఆ రాత్రి నిద్ర ఉండదు. మరొక హెచ్‌ఎం అదే పట్టికను చూసి, అందులో అడిగిన వివరాల్లో ముప్పాతిక భాగం యూడైస్‌లో (బడుల వివరాల ప్రభుత్వ పోర్టల్‌లో) ఇంతకుముందే ఇచ్చినవని గుర్తించి, ఉదయం తొమ్మిదింటికి వచ్చి తానే నింపుతారు. మిగిలిన రెండు గడుల కోసం సంబంధిత టీచరును విరామ సమయంలో పిలిచి అడుగుతారు. గ్రూపులో ఏ సందేశమూ ఉండదు. ఇద్దరికీ జీతం ఒకటే, ఇద్దరి పట్టికా పదకొండుకే చేరింది. ఒకరు తపాలా బిళ్ల అంటించి పంపారు, ఇంకొకరు చెరువుకు తూములా నిలబడి ఎంత నీరు వదలాలో అంతే వదిలారు. ఈ రెండో రకం మనుషులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. వారి గురించి ఏ సమీక్షా సమావేశంలోనూ ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే వారు ఆపిన ఒత్తిడిని కొలిచే పట్టిక ఇంకా ఎవరూ తయారుచేయలేదు. (తయారుచేయకపోవడమే మంచిదేమో. అదీ రాత్రి తొమ్మిదిన్నరకే వస్తుంది.)

ఇటువంటి నేర్పు సీనియారిటీ జాబితాతో పాటు రాదు. స్కూల్ అసిస్టెంటుగా పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో భౌతికశాస్త్రం చెప్పిన వ్యక్తి పదోన్నతి కౌన్సెలింగ్‌లో బడిని ఎంచుకుని, మర్నాడే పాతికమంది సిబ్బందికి పెద్ద అవుతారు. నిధుల ఖాతాలు, బిల్లులు, సేవాపుస్తకాల గురించి ఎవరో ఒకరు చెబుతారు. మాట పట్టింపుతో ఏడాదిగా పలకరించుకోని ఇద్దరు తెలుగు టీచర్లను ఒక ప్రశ్నపత్రం మీద కూర్చోబెట్టడం ఎలాగో ఎవరూ చెప్పరు. పాఠశాల నాయకత్వం కోసం జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ నీపాలో జాతీయ కేంద్రం 2012 నుంచీ ఉంది. 2020 జాతీయ విద్యావిధానం ప్రధానోపాధ్యాయులకు కూడా ఏటా 50 గంటల శిక్షణ ఉండాలంది. కానీ మన దగ్గర శిక్షణ అంటే ఎక్కువగా తెర మీద స్లయిడ్లు, చివర్లో సర్టిఫికెట్. తనకంటే అనుభవమున్న మరో హెచ్‌ఎం బడిలో వారం రోజులు కూర్చుని, స్టాఫ్ మీటింగ్ ఎలా నడుస్తుందో, కోపంగా వచ్చిన తండ్రితో ఆయన ఎలా మాట్లాడతారో చూసి నేర్చుకునే వీలు కల్పించడానికి కోట్లు అక్కరలేదు. దీనికి తోడు ఇన్‌చార్జుల బెడద ఒకటి. తెలంగాణలో మండల విద్యాధికారి కుర్చీల్లో ఎక్కువ భాగాన్ని ఏళ్ల తరబడి హైస్కూలు హెచ్‌ఎంలే అదనపు బాధ్యతగా మోస్తున్నారు. ఆంధ్రప్రదేశ్ మండలానికి రెండో విద్యాధికారి పోస్టును సృష్టించి కొంత మేలు చేసింది. ఉదయం తన బడిలో, మధ్యాహ్నం మండల కేంద్రంలో, సాయంత్రం టెలికాన్ఫరెన్సులో ఉండే మనిషిని స్టాఫ్‌రూమ్‌ను కనిపెట్టుకుని ఉండమనడం గొంతెమ్మ కోరిక.

అసలు స్టాఫ్‌రూమే లేని బడుల సంగతి మరొకటి. 2024–25 యూడైస్ ప్లస్ నివేదిక ప్రకారం దేశంలో ఒకే ఉపాధ్యాయుడున్న బడులు 1,04,125. ఏ రాష్ట్రంలోకన్నా ఎక్కువ, 12,912, ఆంధ్రప్రదేశ్‌లోనే. అక్కడ అయ్యవారికి జ్వరం వస్తే బడికి జ్వరం వచ్చినట్టే. సెలవు కావాలంటే పక్క ఊరి నుంచి ఎవరినో పంపమని వేడుకోవాలి. ఇటువంటి వారికి బృందమంటే చుట్టుపక్కల బడులను ఒక ఉన్నత పాఠశాల చుట్టూ కలిపిన స్కూల్ కాంప్లెక్సే. 1964–66 నాటి కొఠారీ కమిషన్ ఈ ఆలోచన చేసినది చుట్టుపక్కల బడుల వారు ఒకరికొకరు ఆసరా కావాలనే. నేటి కాంప్లెక్స్ సమావేశాల్లో అధికభాగం సర్క్యులర్లు చదివి వినిపించడంతో గడిచిపోతోంది. నెలంతా ఒంటరిగా ఐదు తరగతులు చూసుకున్న ఎస్‌జీటీకి ఆ రోజు కావలసింది తనలాంటి మరో నలుగురితో ‘మూడో తరగతి పిల్లలు తీసివేతలో ఎక్కడ ఆగిపోతున్నారు’ అని మాట్లాడుకోవడం. సర్క్యులర్లు ఎలాగూ ఫోన్లో ఉన్నాయి కనుక కాంప్లెక్స్ హెచ్‌ఎంలు వాటిని పక్కన పెట్టే ధైర్యం చేయాలి.

బృందాన్ని విరగ్గొట్టడంలో మనకున్న ఆరితేరిన పద్ధతి పదో తరగతి ఫలితాల సమీక్ష. ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకు సబ్జెక్టులవారీగా జాబితా తీస్తారు. లెక్కల్లో పన్నెండు మంది తప్పితే లెక్కల అయ్యవారిని నిలబెడతారు. ఆ పన్నెండు మందీ ఆరో తరగతిలోకి వచ్చేనాటికే భాగహారం రాదని అందరికీ తెలుసు. ఆ ప్రాథమిక బడిలో ఒక్క టీచరే ఉన్నారనీ తెలుసు. అయినా నలభై మంది ఎదుట సంజాయిషీ చెప్పవలసింది చివరి ఏడాది పాఠం చెప్పినవారే. ఆ మర్నాటి నుంచి స్టాఫ్‌రూమ్‌లో ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. సాయంత్రపు ప్రత్యేక తరగతుల కోసం లెక్కలు, సైన్సు అయ్యవార్లు పోటీ పడతారు, తెలుగు టీచరు తన పీరియడ్ వదులుకోవడానికి ఒప్పుకోరు, ఆటల పీరియడ్ ముందుగా బలవుతుంది. తెలిసిన హెచ్‌ఎం ఆ సమీక్షకు టీచర్లను పంపరు, తానే వెళ్తారు. తిరిగివచ్చి తలుపు వేసుకుని, ఆరు నుంచి పది దాకా లెక్కలు చెప్పేవారందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఏ ఏడాదిలో ఏం జారిపోయిందో మాట్లాడతారు. తిట్లు బడి పేరు మీద తాను పడటం, మెప్పు వచ్చినప్పుడు టీచరు పేరు చెప్పడం ఆయన పాటించే పద్ధతి.

ఇందులో ఆడవారి సంగతి విడిగా చెప్పాలి. రెండు రాష్ట్రాల్లోనూ మహిళా ఉపాధ్యాయులకు మామూలు సీఎల్‌లతో పాటు ఏటా ఐదు ప్రత్యేక సెలవులున్నాయి, శిశు సంరక్షణ సెలవూ ఉంది. ఉత్తర్వుల్లో ఉన్న సెలవును ఒక మొహమాటపు మాటతో మింగించవచ్చు. ‘పరీక్షల ముందు అడుగుతారేంటమ్మా’ అన్న ఒక్క వాక్యం చాలు.

ప్రైవేటు బడుల్లో పరిస్థితి ఇంతకంటే మెరుగని ఎవరూ అనుకోవద్దు. ఏప్రిల్, మే ఎండల్లో కరపత్రాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తెచ్చే పని చాలాచోట్ల టీచర్లదే. తెచ్చిన పిల్లల సంఖ్యను బట్టి వేసవి జీతం తేలే చోట ఇద్దరు టీచర్లు ఒకే వీధిలో ఎదురుపడితే స్నేహితులుగా మిగలరు. అక్కడి ప్రిన్సిపాళ్లకు యాజమాన్యం ముందు నోరు లేదు. ప్రభుత్వ తనిఖీ అధికారులకు నోరున్నా ఈ విషయం అడగరు.

ఇంత చెప్పాక, పాఠం చెప్పని అయ్యవారి సంగతేమిటని తల్లిదండ్రులు అడగడం న్యాయమే. ఆలస్యంగా వచ్చేవారు, ఓడీల (బయటి విధుల) పేరిట తిరిగేవారు, వడ్డీ వ్యాపారాల్లో మునిగినవారు ఉన్నారు. వారిని చూసీచూడనట్టు వదిలేసే హెచ్‌ఎంను మంచివాడని పొగడటం మన అలవాటు. ఆ మంచితనం మూల్యం చెల్లించేది పక్క తరగతిలో నిజాయితీగా పనిచేసే టీచరు. రిజిస్టరులో ఆమె పేరే మళ్లీమళ్లీ పడుతుంది. గదిలోకి పిలిచి, ఒకసారి నోటితో, రెండోసారి కాగితంతో చెప్పగలిగిన హెచ్‌ఎం కిందనే మిగతావారికి ఊపిరాడుతుంది. అందరి ముందూ అవమానించడం, ఎవరి ముందూ ఏమీ అనకపోవడం రెండూ చేతకానితనాలే.

రాబోయే రోజులు తేలికైనవి కావు. 2025 సెప్టెంబరు 1 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో, టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) లేకుండా పనిచేస్తూ ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలిన ఉపాధ్యాయులు రెండేళ్లలో దాన్ని గట్టెక్కవలసి వచ్చింది. పాతికేళ్లుగా పాఠం చెబుతున్నవారు రాత్రిళ్లు శిశువికాసం పుస్తకాలు పట్టుకోవడంలో ఉన్న చిన్నతనాన్ని బయటివారు అర్థం చేసుకోలేరు. ఆంధ్రలో 16,347 పోస్టులకు జరిగిన మెగా డీఎస్సీ ద్వారా, తెలంగాణలో 2024 డీఎస్సీ ద్వారా వచ్చిన కుర్రకారుకు అదే పుస్తకం కంఠతా వచ్చు. వీరినీ వారినీ వారానికి రెండు సాయంత్రాలు ఒక బల్ల దగ్గర కలపగలిగితే, తరగతిని అదుపులో పెట్టే కిటుకు అటునుంచి ఇటు, పరీక్ష కిటుకు ఇటునుంచి అటు చేరుతుంది. దానికి ఉత్తర్వు అక్కరలేదు, హెచ్‌ఎం టీకి పిలిస్తే చాలు.

ఉత్తర్వు అవసరమైన పని ఒకటుంది. 2027 ఫిబ్రవరిలో జనాభా లెక్కల సేకరణ జరగనుంది. అది చట్టం అనుమతించిన విధే, ఉపాధ్యాయులు చేయవలసిందే. కానీ ఫిబ్రవరి అంటే పదో తరగతి పిల్లల ఆఖరి పునశ్చరణ నెల. ఎవరిని పంపాలో, ఎవరిని పంపితే ఏ తరగతి ఖాళీ అవుతుందో మండల కార్యాలయంలో కూర్చుని సీనియారిటీ జాబితా మీద వేలు పెట్టేవారికి తెలియదు. బడిలో టైమ్‌టేబుల్ వేసినవారికి తెలుసు. కలెక్టర్లు విధుల జాబితా ఖరారు చేసే ముందు ప్రతి ప్రధానోపాధ్యాయుని నుంచి పేర్లు తీసుకోవాలని, ఒంటరి ఉపాధ్యాయుల బడులకు ముందుగా బదులు మనిషిని చూపిన తర్వాతే అక్కడివారిని కదపాలని రెండు ప్రభుత్వాలూ ఇప్పుడే ఉత్తర్వులు ఇవ్వాలి.