నీటిమట్టం సంగతి కూడా రాయాల్సింది

శ్రీశైలం డ్యామ్‌లో కరెంటు తీశాక నీళ్లు ఎలాగూ దిగువన ఉన్న నాగార్జున సాగర్‌కే పోతాయి, నష్టమేమీ లేదని మీ వ్యాసంలో రాశారు. సాగర్‌కు పోతాయి నిజమే. మా సీమకు మాత్రం రావు.

డ్యామ్ పూర్తి మట్టం 885 అడుగులు. ఆ నీళ్లను మా సీమ కాలువకు వదిలే పోతిరెడ్డిపాడు తూము అడుగుమట్టమే 841. 880 దాటితే కాలువ నిండా పారుతుంది. 854కి దిగితే గేట్లన్నీ ఎత్తినా కాలువలో పలచగా కదులుతాయి, అంతే. ఆ నీళ్లే బానకచర్ల దగ్గర చీలి ఇటు ఎస్సార్బీసీకి (శ్రీశైలం కుడి కాలువకు), అటు వెలుగోడు జలాశయానికి, అక్కడినుంచి కడప జిల్లా బ్రహ్మంసాగర్ జలాశయానికి పోవాలి. మా నంద్యాల వైపు రైతులకు వర్షం కన్నా ముందు డ్యామ్ లెవెల్ చూసుకోవడం అలవాటైపోయింది. నారు పోశాక మట్టం పడిపోతుంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే.

కరెంటు వద్దని నేననను. మా బోర్లు నడిచేదీ దానితోనే. వరద వచ్చి స్పిల్‌వే గేట్లు ఎత్తినన్నాళ్లూ డ్యామ్ రెండు గట్ల మీది కరెంటు యూనిట్లూ పూర్తిగా తిప్పుకోండి. వరద ఆగాక మాత్రం కింద సాగుకు, తాగుకు ఎంత కావాలో అంతే వదలాలి. ఎడమగట్టులో 150 మెగావాట్ల యూనిట్లు ఆరూ కిందికి వదిలిన నీళ్లను మళ్లీ డ్యామ్‌లోకి వెనక్కి ఎత్తిపోయగలిగినవే. వాటిని అలా ఎందుకు వాడుకోకూడదో ఒక వ్యాసం రాయండి.