నాటిన మొక్కల లెక్క చాలదు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో లక్షల కొబ్బరి చెట్లు నేల మీద ఉన్నాయి. జీడి, పనస చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కొన్నాళ్లకు, తోటల్లో కుళ్లిపోతున్న కొబ్బరి మొద్దును కాలితో తడితే పొడిపొడిగా రాలేది. లోపల కొమ్ము పురుగు పిల్లలు తెల్లగా, లావుగా ముడుచుకుని ఉండేవి. చెట్టు పోయిందన్న దుఃఖానికి తోడు, మిగిలిన చెట్ల మొవ్వును కూడా ఈ పురుగు తినేస్తుందేమోనన్న టెన్షన్ రైతులది. పరిహారం జాబితాకు ఎక్కని నష్టం ఇంకొకటి ఉంది. ఆ చెట్లు ముప్పై నలభై ఏళ్లపాటు గాలిలోంచి తీసి కాండంలో దాచిన కార్బన్, మొద్దు పొడి అవుతున్నకొద్దీ తిరిగి గాలిలో కలిసిపోయింది.

చెట్టు గాలిని శుభ్రం చేస్తుందని బడిలో చదువుకున్నాం. నిజమే కానీ, అది సగం మాటే. పగలు ఆకు బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను, లోపలికి తీసుకుంటుంది. రాత్రి ఆకు, కొమ్మ, వేరు అన్నీ కొంత బయటికి వదులుతాయి. మట్టిలోని సూక్ష్మజీవులైతే రాత్రీ పగలూ వదులుతూనే ఉంటాయి. జమ ఎంత, ఖర్చు ఎంత అన్నది పూటపూటకూ, నెలనెలకూ మారుతుంది. మందస, మెళియాపుట్టి కొండల మీద మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలినప్పుడు జమ పడిపోతుంది. మండు వేసవిలో నెర్రెలిచ్చిన మెట్ట చేను దాదాపు ఊపిరి బిగపట్టి ఉంటుంది. అంతలో తొలకరి పడుతుంది. మనకు కమ్మటి మట్టివాసన తెలుస్తున్న ఆ గంటల్లోనే, ఎండలో నిద్రపోయిన సూక్ష్మజీవులన్నీ ఒక్కసారిగా లేచి నేలలోని సేంద్రియ పదార్థాన్ని తినడం మొదలుపెడతాయి. నేల నుంచి వాయువు గుప్పున పైకి వస్తుంది. మళ్లీ ఊడ్పులై, పల్లం భూముల్లో వరి పచ్చబడ్డాక లెక్క జమ వైపు తిరుగుతుంది. అదే మడిలో నిలిచిన నీటి అడుగు నుంచి భూమిని వేడెక్కించే మరో వాయువు మీథేన్ కూడా వస్తుందని మరవకూడదు.

ఏడాదికీ ఏడాదికీ తేడా ఇంకా పెద్దది. మనుషులు గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 30 శాతాన్ని భూమి మీది అడవులు, పొలాలు, నేలలు కలిసి పీల్చుకుంటున్నాయి. అయితే అది ఏటేటా ఒకేలా అందే సాయం కాదు. 1997-98, 2015-16 లాంటి, పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో సంవత్సరాల్లో ఉష్ణమండలంలో కరువూ వేడీ పెరిగి, ఆ సాయం బాగా తగ్గింది. హవాయిలోని మౌనా లోవాలో 1958లో కొలత మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్లలో 315 దాకా ఉన్న ఈ వాయువు ఇప్పుడు 420 దాటింది. ఒక ఏడాది ఎక్కువ, ఒక ఏడాది తక్కువ పెరగడానికి ముఖ్య కారణం నేల మీది ఈ ఒడిదుడుకులే.

అందుకే ఫలానా చోట ఇన్ని వేల మొక్కలు నాటాం అనే ప్రకటనతో మేము తృప్తి పడలేకపోతున్నాం. నాటినవాటిలో బతికినవెన్ని? పదేళ్ల తర్వాత తుపాను ఎన్నింటిని మిగిల్చింది? చెట్లు దాచే కార్బన్‌కు లెక్కగట్టి డబ్బిచ్చే కార్బన్ క్రెడిట్ల మాట రైతుల చెవిన పడుతున్న రోజులివి. చెట్టుకు ఏటా ఇంత అని ఒక అంకె రాసి, దాని మీద పాతికేళ్ల ఒప్పందానికి సంతకం పెట్టించుకుంటే, ఒక్క రాత్రి గాలివాన తెచ్చే లోటును ఎవరు భరించాలి? రైతు మీద మాత్రం పడకూడదు.

సోంపేట దగ్గరి బీల అనే చిత్తడి నేల సంగతీ ఇక్కడే చెప్పాలి. 2010 జూలై 14న అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న జనంపై కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. వాళ్లు నీటి కోసం, చేప కోసం, పంట కోసం పోరాడారు. ఏడాదిలో ఎక్కువ కాలం నీరు నిలిచే నేలలో గడ్డీ ఆకూ త్వరగా కుళ్లవు, కార్బన్ పొరలు పొరలుగా పేరుకుంటుంది. అలాంటి నేలను ఎండగడితే తరాలుగా దాచింది కొన్నేళ్లలో పోతుంది. బీలను తడిగా ఉంచడం ఏ మొక్కల పండగకూ తీసిపోని పని.

కొలిచే మార్గం ఉంది. చెట్ల తలల కంటే ఎత్తుగా ఒక స్తంభం నిలిపితే, దాని మీది పరికరాలు పైకి పోయే గాలినీ, కిందికి దిగే గాలినీ, వాటిలోని వాయువునూ సెకనుకు పదిసార్లు కొలుస్తాయి. మధ్యప్రదేశ్ బేతుల్ అడవిలో, సుందర్బన్ మడ అడవుల్లో ఇలాంటివి నిలిపారు. ఉద్దానం కొబ్బరి తోటలో ఒకటి, బీల ఒడ్డున ఒకటి కావాలి. బాధ్యత ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయానికి అప్పగించి, కనీసం పదేళ్లకు నిధులు ముందే కేటాయించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాం. రెండేళ్ల ప్రాజెక్టుగా మొదలై మూడో ఏట తుప్పు పట్టే స్తంభం మాకొద్దు. అది చెప్పే అంకెలు నెలనెలా కవిటి, సోంపేట రైతు సేవా కేంద్రాల గోడల మీద తెలుగులో కనబడాలి.