కోడి కొలిచిన హద్దు

మన దగ్గర పొలం గట్టు తగాదా వస్తే ముందు సర్వేయరు, తర్వాత కోర్టు, ఆ తర్వాత మనవళ్లు. ఇటలీ వాళ్లు అదే పనిని ఒక్క రాత్రిలో తేల్చేశారు, కోడితో.

మధ్యయుగాల్లో ఫ్లోరెన్స్, సియెనా నగరాలు నడుమనున్న కియాంతి కొండల కోసం కొట్టుకు చచ్చాయి. చివరికి ఓ ఒప్పందానికొచ్చాయి. తొలికోడి కూయగానే రెండు ఊళ్ల నుంచి చెరో రౌతు బయల్దేరాలి, ఇద్దరూ ఎదురుపడ్డ చోటే హద్దు. సియెనా వాళ్లు మర్యాదస్తులు, తెల్లకోడిని తెచ్చి కడుపునిండా మేపారు. ఫ్లోరెన్స్ వాళ్లు నల్లకోడిని చీకటి గూట్లో కుక్కి పస్తు పెట్టారు. ఆకలి మీదున్న కోడికి తెల్లారేదాకా ఓపికెక్కడిది? వదిలీ వదలగానే కూసేసింది. ఫ్లోరెన్స్ రౌతు సియెనాకు 20 కిలోమీటర్లలోపున్న ఫోంతెరూతొలి దాకా వచ్చేశాక గానీ అవతలివాడు కనిపించలేదు. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లారదన్న ముసలమ్మను ఇన్నేళ్లు ఎగతాళి చేశాం. ఆవిడకు మనం క్షమాపణ బాకీ ఉన్నాం.

ఇదంతా కట్టుకథ అనేవాళ్లుంటారు. కానీ ఫ్లోరెన్స్‌లోని పలాత్సో వెక్కియో అనే పాత భవనంలో పెద్ద హాలు పైకప్పు మీద చిత్రకారుడు వసారి ఆ నల్లకోడిని బొమ్మగీశాడు. ఆ కొండల్లో తయారయ్యే ఎర్ర వైన్ కియాంతి క్లాసికో సీసా మెడ మీద ఇప్పటికీ అదే కోడి. ఇంతకన్నా బలహీనమైన దస్తావేజులతో మన దగ్గర అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి.

1716లో అక్కడి పాలకుడు మూడో కోసిమో దె మెదిచి ఆ వైన్ హద్దులను శాసనంలో రాయించాడు. రెండు శతాబ్దాలు దాటాక ఆ హద్దులు కోడి సాయం లేకుండానే నడక నేర్చాయి. పేరుకు గిరాకీ పెరిగింది కదా, 1932లో పీసా కొండల దాకా అంతా కియాంతేనని సర్కారు తేల్చింది. "ఎయిర్‌పోర్టుకు కూతవేటు దూరంలో" ప్లాట్లు కొన్నవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. పాపం అసలు ఊళ్లయిన రద్దా, గయోలే, కస్తెల్లీనా 'క్లాసికో' అని తోక తగిలించుకోవాల్సొచ్చింది, పూతరేకుల కొట్టు మీద "అసలైనది ఇదే, మాకెక్కడా బ్రాంచీలు లేవు" అన్న బోర్డులా.

ఇక సీసాలోని సంగతి. ద్రాక్ష పేరు సాంజొవేసె. పుల్ల చెర్రీల వాసన, చెంపల్లో నీళ్లూరించే పులుపు, మింగాక నేరేడుపండు తిన్నట్టు నాలుకను పట్టేసే వగరు. ఉత్తినే తాగితే కాస్త పోట్లాటకొస్తుంది. టమాటా సాస్ పక్కనో, నిప్పుల మీద కాల్చిన మాంసం పక్కనో కూర్చోబెడితే బుద్ధిగా ఉంటుంది. ఆకలి గెలిపించిన నేల మరి, దాని వైన్ కూడా తిండే అడుగుతుంది.

ఈ బుద్ధిమంతుణ్ణి చెడగొట్టే భారం చట్టం మోసింది. నిలవ ఉంచే వైన్‌లో తెల్ల ద్రాక్ష లేకపోయినా ఫరవాలేదని 1872లోనే మాజీ ప్రధాని బెత్తీనో రికాసొలి ఉత్తరం రాశాడు. 1967 నిబంధనలేమో 10 నుంచి 30 శాతం తెల్ల ద్రాక్ష కలిపి తీరాలన్నాయి. పాలల్లో నీళ్లు కలపనివాడికి జరిమానా వేసినట్టన్నమాట. వైన్ తయారుచేసే అంతినోరి కుటుంబం తమ 'తిన్యానెల్లో' అనే వైన్‌లో తెల్ల ద్రాక్ష మానేసింది. చట్టం లెక్కలో ఆ సీసా అట్టడుగు తరగతి, 'భోజనాల బల్ల వైన్'. జనం ఆ అట్టడుగు సరుకునే ఎగబడి ఎక్కువ ధరకు కొన్నారు. క్లాసికోలో తెల్ల ద్రాక్షను చివరికి నిషేధించింది 2006లో. ఫైలు కదలడానికి ఆమాత్రం టైం పడుతుంది.

కోడికీ కష్టాలు తప్పలేదు. ఇటాలియన్‌లో నల్లకోడిని 'గాల్లో నేరో' అంటారు. అమెరికాలో గాల్లో అనే ఇంటిపేరున్న వైన్ కంపెనీ ఆ పేరు మాదంటూ కోర్టుకెక్కింది. సియెనాను ఓడించిన కోడి అక్కడ సొంత పేరుతో కూయలేకపోయింది.

తెల్లకోడి ఏమైందో మాత్రం కథలో లేదు. కడుపునిండా మేపిన కోడి, పైగా ఊరి పరువు తీసింది. ఆ రాత్రి సియెనాలో ఏం వండుకుని ఉంటారో ఊహించగలను. కొండలన్నీ పోయాక, పక్కన ఏ వైన్ పోసుకున్నారన్నదే నాకు అంతుపట్టనిది.