కథ చివర కూర్చునే నీతి గారికి

మహారాజశ్రీ నీతి గారి సముఖమునకు,

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం గురించి వేరే అడగక్కర్లేదు. ఏ పిల్లల పుస్తకం తిరగేసినా కథ అయిపోయిన చోట గీత కొట్టించుకుని, దాని కింద ముద్దక్షరాల్లో దర్జాగా కూర్చుని కనిపిస్తూనే ఉన్నారు. సింహం బావిలో దూకినా, కాకి నోట్లోంచి ముక్క జారినా, తాబేలు పందెం గెలిచినా ఆఖరి మాట మీదే. పెళ్లిలో చదివింపుల పుస్తకం పట్టుకుని కూర్చునే పెద్దమనిషిలా, పిల్లలు కథ తిని లేవబోతుంటే చేయి అడ్డం పెట్టి లెక్క అడుగుతారు.

మీ ఖరీదెంతో మాకు బడిలోనే తెలిసింది. 'ఈ కథ ద్వారా నీవు గ్రహించిన నీతి ఏమి?' రెండు మార్కులు. గ్రహించే శ్రమ ఎవరికీ ఉండేది కాదు, గైడులో ఉండేది. కట్టెలు కొట్టేవాడి కథే తీసుకోండి. ఈసపు కథలో నీళ్లలోంచి గొడ్డలి తీసిచ్చినవాడు గ్రీకుల దేవుడు హెర్మీస్. మన దగ్గరికొచ్చేసరికి ఒకచోట గంగాదేవి, ఇంకోచోట వనదేవత. అందులో తప్పేం లేదు, మన ఏట్లో మన దేవతే ఉండాలి. కానీ నిజం చెప్పినందుకు వాడికి బంగారు గొడ్డలి, వెండి గొడ్డలి ఇప్పించి, కింద మీరు సంతకం పెట్టేశారు. వినే పిల్ల బుర్రలో తిరిగేది వేరే సంగతి. అంత బంగారాన్ని వాడు ఏ షాపులో అమ్మాడు? 'ఎక్కడిదిరా నీకు' అని షాపువాడు అడగలేదా? 'దేవత ఇచ్చింది' అంటే నమ్మాడా, పోలీసులను పిలిచాడా? అసలు కథ అక్కడే మొదలవుతుంది. ఆ ప్రశ్నకు మార్కుల్లేవు.

మీ వంశం ఆరా కూడా తీశాం. విష్ణుశర్మ పంచతంత్రం చెప్పింది ముగ్గురు మొద్దు రాజకుమారులకు, ఆరు నెలల్లో రాజనీతి ఒంటబట్టించడానికి. అందులో దమనకుడనే నక్క సింహానికీ ఎద్దుకీ మధ్య పుల్ల పెట్టి, ఎద్దును చంపించి, రాజుగారి పక్కన హాయిగా స్థిరపడుతుంది. శిక్షా లేదు, పశ్చాత్తాపమూ లేదు. అప్పుడు తమరెక్కడున్నారండీ? 1853లో పరవస్తు చిన్నయసూరి మిత్రలాభం, మిత్రభేదం తెలుగు చేసి 'నీతిచంద్రిక' అని పేరు పెట్టారు. అది తరాల తరబడి పాఠ్యపుస్తకమైంది. రాజుల పిల్లలకు కొలువులో కుట్రల గుట్టు విప్పిన కథే, మా వంతు వచ్చేసరికి 'చాడీలు చెప్పరాదు' అయి కూర్చుంది. ఏలేవాళ్లకు ఒకటి, ఏలించుకునేవాళ్లకు ఇంకొకటి. ఈ కిటుకును మాత్రం ఏ కథ కిందా రాయలేదు మీరు.

ఏడు చేపల దగ్గర మాత్రం మీ పప్పులుడకలేదు. రాజుగారి కొడుకులు పట్టుకొచ్చిన చేపల్లో ఒకటి ఎండలేదు. అదేమంటే గడ్డిమేటు అడ్డమొచ్చిందట. గడ్డిమేటు ఆవును చూపిస్తుంది, ఆవు పాలేరును చూపిస్తుంది. పాలేరు అవ్వ బువ్వ పెట్టలేదంటాడు, అవ్వ పిల్లాడు ఏడ్చాడంటుంది, పిల్లాడు చీమ కుట్టిందంటాడు. చిట్టచివర మిగిలింది చీమ. అందరికన్నా చిన్నది, నెపం తోయడానికి దానికింకెవరూ లేరు. అయినా సంజాయిషీ చెప్పదు. 'నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?' అని ఎదురడుగుతుంది. మూడేళ్ల పిల్ల ఆ మాట అనేటప్పుడు నడుం మీద చేయి ఎలా వేసుకుంటుందో ఎప్పుడైనా చూశారా? రాజుగారింటి చేప ఎండకపోవడానికీ పాలేరుకు బువ్వ అందకపోవడానికీ లంకె ఉందని ఆ వయసులోనే ఆ పిల్ల చెవిన పడిపోయింది. ఎవరూ విడమరచలేదు, ఎవరూ కింద గీత కొట్టలేదు. అదే మీ చేతికి చిక్కి ఉంటే? 'ఇతరుల పుట్టలో వేలు పెట్టరాదు.'

1947 జులైలో మద్రాసులో మొదలైన చందమామ మీకూ బోలెడు చోటిచ్చింది, కాదనను. కానీ ఆ పత్రికలోనే బేతాళుడూ ఉండేవాడు. ఆయన కథంతా చెప్పి చివర్న చిక్కు ప్రశ్న వేసేవాడు. రాజు నోరు విప్పేలోగా ఇంట్లో అన్నా చెల్లెళ్లు జవాబు కోసం కొట్టుకునేవాళ్లు. పైగా సరైన జవాబు చెప్పిన రాజుకు దక్కిందేమిటి? శవం మళ్లీ చెట్టెక్కేది, మళ్లీ మోసుకురావాలి. మీ బంగారు గొడ్డలి కన్నా నాకు ఈ లెక్కే నికార్సుగా కనిపిస్తుంది.

ఇప్పుడు తమరు యూట్యూబుకు మకాం మార్చారు. అక్కడ ఏ ఊరైనా రామాపురమే. అందరికీ ఒకటే మొహం, చీర రంగు తేడా. అత్త రాచిరంపాన పెడుతుంది, కోడలు కిక్కురుమనదు, ఎనిమిదో నిమిషంలో మాయకుండ దొరుకుతుంది, పదో నిమిషంలో అత్తకు బుద్ధొస్తుంది. ఆడపిల్లలు నోరు మూసుకుని పడుంటే కుండ దొరుకుతుందన్నమాట! ఆ రామాపురం శ్రీకాకుళం దగ్గరో కరీంనగర్ దగ్గరో ఎవరి మాటను బట్టీ తేలదు. మసీదు లేదు, చర్చి లేదు, ఊరి చివర దళితవాడ లేదు, బోరు ఎండిన రైతూ లేడు. అన్నం ముద్ద దిగడానికి ఫోన్‌లో పెట్టి చూపిస్తున్నది ఈ ఊరినే.

డల్లాస్‌లో, న్యూజెర్సీలో వారాంతపు తెలుగు తరగతికి వెళ్లే పిల్లకు 'మన సంస్కృతి' అని చేతిలో పెట్టేదీ చాలాసార్లు మిమ్మల్నే. ఆ పిల్ల ఇంగ్లీషులో రాక్షసులతో స్నేహం చేస్తుంది, ఇల్లు వదిలి సముద్రాలు దాటుతుంది, పెద్దవాళ్లను బోల్తా కొట్టిస్తుంది. తెలుగులోకి రాగానే చేతులు కట్టుకుని నిలబడాలి. తెలుగంటే ఏమిటమ్మా అని అడిగితే, ఏమేం చేయకూడదో చెప్పే భాష అనుకోక ఇంకేమనుకుంటుంది? మన తెనాలి రామకృష్ణుడు రాజునే ఆటపట్టించాడని వినిపిస్తే ఆ పిల్ల మొహం ఎలా మారుతుందో! తీరా వినిపించాక కింద 'సమయస్ఫూర్తి అవసరం' అని మీరు దిగబడకపోతే.

మిమ్మల్ని ఊరొదిలి పొమ్మనడం లేదు. సుమతీ శతకంలో మీకు సొంతిల్లుంది, అక్కడ ఉండండి, పని పడితే మేమే వస్తాం. కథల్లో మీరుంటున్నది అద్దెకు, ఆ వాటా ఖాళీ చేయండి. అడ్వాన్సు సంగతంటారా, గైడ్లు అచ్చేసేవాళ్లను అడగండి. ఇన్నేళ్లూ మీ పేరు మీద బతికింది వాళ్లే.

ఇట్లు,
తమ రెండు మార్కుల పూర్వ విద్యార్థి