హెచ్. పైలోరి రక్తపరీక్ష గారి దివ్య సముఖమునకు

కడుపులో కాపురముండే హెచ్. పైలోరి అనే సూక్ష్మజీవి జాడను రక్తంలో వెతికే మహారాజశ్రీ ఐజీజీ పరీక్ష గారికి కావలి నుంచి తమ పాత కస్టమరు నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి అనాలి గానీ, కుశలమంతా తమ వైపే ఉంది. నా వైపు పుల్లటి తేన్పులే.

నిన్న సాయంత్రం తమరు దయచేసిన రిపోర్టు అందింది. లావు అక్షరాల్లో, పక్కన చుక్క గుర్తు పెట్టి మరీ, ‘పాజిటివ్’. ఆ సూక్ష్మజీవిని చంపే 14 రోజుల మందుల కోర్సు మింగి, అది ముగిశాక వారాల తరబడి ఆగి, పరగడుపున బస్సెక్కి నెల్లూరు పొగతోటకొచ్చి చెయ్యి చాపితే దక్కిన ప్రసాదం ఇది. తమకు పరగడుపు అక్కర్లేదట. ఆ మాట సూది గుచ్చాక చెప్పారు.

కోర్సంటే ఏమిటో తమకు తెలియదు కాబట్టి విన్నవిస్తాను. రెండు రకాల యాంటీబయాటిక్‌లు, తోడుగా గ్యాస్ బిళ్ల, పొద్దునా రాత్రీ. క్లారిత్రోమైసిన్ పుణ్యమా అని నోరంతా తుప్పు రుచి. మామిడికాయ వేసి మా ఆవిడ పెట్టిన చేపల పులుసు తిని, ‘ఈసారి ఏదో తేడా కొట్టిందే’ అన్నాను. ఆ తర్వాత ఇంట్లో ఏం జరిగిందో ఈ లేఖకు అప్రస్తుతం.

అంత తిన్నాక కూడా పాజిటివ్ ఎందుకొచ్చిందని ఆరా తీస్తే తమ గుట్టు తెలిసింది. తమరు చూసేది ఆ సూక్ష్మజీవిని కాదు. దాని మీద నా ఒళ్లు ఎప్పుడో తయారుచేసుకున్న యాంటీబాడీలను. అది చచ్చినా ఇవి నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి రక్తంలో తిరుగుతూనే ఉంటాయి. మా తాత కాలం చేసి ఎన్నేళ్లయిందో, ఓటర్ల జాబితాలో మాత్రం ఆయన ఓటు భద్రంగా ఉంది. తమరు ఆ జాబితా పట్టుకుని గుమ్మంలో నిలబడి, ‘ముసలాయన లోపలే ఉన్నాడు, పిలవండి’ అంటున్నారు!

ఉన్నాడో పోయాడో తేల్చే పరీక్షలు లేవా అంటే, ఉన్నాయి. యూరియా కలిపిన నీళ్లు తాగించి ఊపిరి ఊదిస్తారు. సూక్ష్మజీవి బతికుంటే ఆ యూరియాను విరగ్గొడుతుంది, అందులోని కార్బన్ ఊపిరిలో దొరికిపోతుంది. ఊదడం ఇష్టం లేకపోతే మలంలో యాంటిజెన్, అంటే ఆ సూక్ష్మజీవి తాలూకు పదార్థం, ఉందేమో చూస్తారు. మందులైపోయిన నాలుగు వారాల తర్వాత చేయించాల్సినవి ఇవీ. కాకపోతే ముందు రెండు వారాలు గ్యాస్ బిళ్ల మానాలి, ఆ మంట భరించాలి. ‘నా దగ్గరికి ఏ బిళ్ల వేసుకుని వచ్చినా సరే’ అనే పెద్ద మనసు తమకుంది, కాదనను.

ఆస్ట్రేలియాలో బారీ మార్షల్ అనే డాక్టరు 1984లో ఈ సూక్ష్మజీవులను గటగటా తాగి, జబ్బు తెచ్చుకుని, ఎండోస్కోపీ చేయించుకుని మరీ ఇది కడుపును పాడుచేస్తుందని చూపించాడు. 2005లో ఆయనకూ రాబిన్ వారెన్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు. ఆయన కడుపు దాకా వెళ్లాడు. తమరు మోచేతి దగ్గరే ఆగిపోయారు.

రిపోర్టు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ‘ప్లీజ్ కోరిలేట్ క్లినికల్లీ’ అని ఒక ముక్క, అంటే రోగి లక్షణాలతో సరిచూసుకోమని. ఎవరు చేయాలి? డాక్టరు గారు ఊళ్లో లేరు. మందుల షాపులో అబ్బాయి ఆ లావు అక్షరాలు చూసి, ‘ఇంకో కోర్సు కొట్టండి సార్, ఈసారి స్ట్రాంగ్‌వి ఇస్తా’ అన్నాడు.

ఇక తమరూ గిమరూ నా వల్ల కాదు. ఏందమ్మా నీ గోల? ఉందో పోయిందో తేలనిదాన్ని చంపడానికి నేను మళ్లీ మందులు మింగాలా? ఊరకే మింగి మింగి బ్యాక్టీరియా వాటికి అలవాటు పడితే, రేపు నిజంగా అవసరమైనప్పుడు ఏం మింగమంటావ్? ఈ సూక్ష్మజీవి మన దేశంలో ఎంతోమందికి చిన్నప్పుడే అంటుకుంటుంది. వాళ్లలో ఎక్కువమందికి దానివల్ల ఏ బాధా ఉండదు. అందరి చేతులూ గుచ్చుకుంటూ పోతే నీకు పాజిటివ్‌లకేం కొదవ?

మా ఆవిడకు రాయించిన ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలోనూ నువ్వే. ఆమెకు కడుపులో ఏ బాధా లేదు, నాతో తప్ప. నిన్ను కొట్టెయ్యమని కౌంటర్లో అడిగితే, ‘తీసేసినా రేటు అంతే సార్, ఉండనీయండి, ఫ్రీగా వస్తోంది కదా’ అందా అమ్మాయి. డబ్బు పోతే పోయిందని పెన్ను అడిగి నేనే కొట్టేశాను.